చెయ్యి తీశావా?

ఇంజన్ బిగించే చోట దుమ్ము ఉండకూడదు. ఈ ఒక్క ముక్క మా ఇంట్లోవాళ్ళకి ఎక్కించేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఇంటి వెనక షెడ్డు అంతకుముందు మా ఆవిడ పనికిరాని సామాన్లు పడేసుకునే కొట్టు. విరిగిన కుర్చీలు, మూతలు పోయిన డబ్బాలు, ఎవరూ తొక్కని సైకిలు. అవన్నీ బయటికి ఈడ్చి, గోడలు కడిగి, ఉన్న ఒక్క కిటికీకి ప్లాస్టిక్ షీటు అంటించి, షట్టరు కింద సందులో గోనెపట్టా తడిపి దోపాను. నేలంతా నీళ్ళు చల్లాను. అప్పుడు గానీ ఇంజన్ స్టాండు లోపలికి తేలేదు. షట్టరు దించితే పట్టపగలు కూడా లోపల చీకటే, రాకపోకలకి పక్కన చిన్న తలుపు ఒకటి ఉంది. ట్యూబులైటు వేసుకుని పనిచెయ్యాలి.

సవతిని తెచ్చి పెరట్లో కాపురం పెట్టారని మా ఆవిడ దెప్పింది. నేను పట్టించుకోలేదు. పట్టించుకునే తీరిక ఎక్కడిది, ఆదివారం ముంచుకొస్తుంటే.

ఆదివారం కొండదారి మీద కార్ల పోటీ. నడిపేది మా అమ్మాయి. ఇంట్లో అందరం దాన్ని పిడుగు అంటాం. నడక కంటే ముందు పరుగు నేర్చుకుంది, సైకిలు కంటే ముందు స్టీరింగు పట్టింది. దాని కారు ఇంజన్ పోయిన నెల ప్రాక్టీసులో పగిలిపోయింది. లోపలి రాడ్డు విరిగి ఇంజన్ బ్లాకును చీల్చుకుని బయటికొచ్చింది. ఈ పోటీ చూడటానికి ఒక పెద్ద టీము మేనేజరు వస్తున్నాడు. బాగా నడిపితే తన టీములో తీసుకుంటానని నోరు తెరిచి చెప్పాడు. అలాంటి మాట ఇంకోసారి వినిపిస్తుందని నమ్మకం లేదు. కాబట్టి ఇంజన్ తయారవ్వాలి, అంతే. అది నా పని.

బ్లాకు తెచ్చిపెట్టింది మా బావమరిది. వాడికి తెలియని పాత ఇనుము కొట్టు లేదు. ఎవరో రేసు కోసం ఇంజన్ కట్టడం మొదలుపెట్టి సగంలో వదిలేశారట. సిలిండర్లు పెద్దవి చేయించి ఉన్నాయి. పిస్టన్లు తిప్పే క్రాంకు ఇరుసు అద్దంలా మెరుస్తోంది. పిస్టన్లు పెట్టెలో ఒక్కొక్కటి గుడ్డలో చుట్టి ఉన్నాయి. నేను గంటసేపు దాని చుట్టూ తిరిగి చూశాను, వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

"ఎవడో చెయ్యి తిరిగినవాడే మొదలుపెట్టాడు బావా. ఎందుకో ఆపేశాడు" అన్నాడు వాడు.

ఎందుకు ఆపేశాడని అడిగాను. కొట్టువాణ్ణి అడగలేదట. దొరికిందే చాలనుకుని ట్రాలీలో వేసుకుని వచ్చేశాడట. వాడి తీరు ఎప్పుడూ అంతే, తెచ్చేదాకా ఆగడు, తెచ్చాక ఆలోచించడు.

నా ఉద్యోగం ఊరికి నీళ్ళు పంపే పంపుల దగ్గర. అక్కడ మాకొక పద్ధతి ఉంది. ఒకడు మిషన్లో చెయ్యి పెట్టి ఉన్నప్పుడు రెండోవాడు దాన్ని తిప్పకూడదు. తిప్పేవాడు ముందు అడగాలి, చెయ్యి తీశావా అని. చెయ్యి పెట్టినవాడు తీశాను అని నోటితో చెప్పాలి. తల ఊపితే చెల్లదు. ఊరుకుంటే అసలే చెల్లదు. ఆ మాట చెవిన పడ్డాకే తిప్పాలి. ఇన్నేళ్ళలో మా దగ్గర ఒక్కడికి గోరు కూడా చితకలేదంటే అందుకే. ఇంట్లో కూడా అదే పద్ధతి పెట్టాను. ఇంజన్‌లో పిస్టన్ దించేటప్పుడు ఇద్దరు ఉండాలి. పైనుంచి నేను సుత్తి పిడితో మెల్లగా తట్టుకుంటూ దించుతాను. అవతల పక్క నేల మీద కూర్చుని, కింద నుంచి చెయ్యి పెట్టి, పిస్టన్ రాడ్డు క్రాంకు మీద గీత పెట్టకుండా పిడుగు పట్టుకుంటుంది. తర్వాత నేను ముందువైపుకి వచ్చి, క్రాంకుకి పొడుగాటి బారు తగిలించి తిప్పుతాను. అక్కడ దాని వేళ్ళు ఉంటే చెరుకు మిషన్లో పెట్టినట్టే.

"చెయ్యి తీశావా?"

"తీశాను నాన్నా."

అలా మొదటి పిస్టన్ దిగింది. రెండోది దిగింది. క్రాంకు నూనెలో తేలుతున్నట్టు తిరిగింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. మా ఆవిడ టీ తెచ్చి గుమ్మం బయటే పెట్టి, దేవుడి గదికి కూడా ఇంత మడి లేదని గొణుక్కుంటూ పోయింది.

మూడోది దించాక మొదలైంది నా ఖర్మ.

బారు పట్టి తిప్పాను. సగం దూరం బాగానే వచ్చింది. తర్వాత ఆగిపోయింది. ఇనుముకి ఇనుము తగిలితే టక్కుమని ఆగుతుంది, అది చేతికి తెలుస్తుంది. ఇది అలా ఆగలేదు. మెత్తగా ఆగింది. ఇంకాస్త నొక్కితే ఇంకాస్త వచ్చింది, వదిలితే కొద్దిగా వెనక్కి పోయింది. నాకు ఆ మెత్తదనం అస్సలు నచ్చలేదు.

పిస్టన్ బయటికి తీశాను. క్రాంకు హాయిగా తిరిగింది. మళ్ళీ దించాను. ఆగిపోయింది. బేరింగు తప్పేమోనని కొత్తది వేశాను. ఆగిపోయింది. నాలుగోదాన్ని తీసుకొచ్చి మూడోదాని చోట పెట్టాను. అక్కడే, సరిగ్గా అక్కడే ఆగిపోయింది. కొలతలు తీశాను. కొలత పరికరం మీదే అనుమానం వచ్చి పంపుల దగ్గర్నుంచి ఇంకోటి తెచ్చి మళ్ళీ తీశాను. అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. ఏ ఒక్కటైనా తప్పుగా ఉంటే బాగుండునని దేవుడికి దండం పెట్టుకున్న మెకానిక్ నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఆ వారమంతా ఇదే గోల. పంపుల దగ్గర పని చూసుకుని వచ్చి, షట్టరు దించుకుని, విప్పడం, తుడవడం, బిగించడం, మళ్ళీ విప్పడం. ఇంట్లో ఎవరు కదిలినా నాకు ఒళ్ళు మండిపోయేది. బావమరిది షెడ్డులో తల దువ్వుకున్నాడని విరుచుకుపడ్డాను. మా ఆవిడ పెరట్లో దుప్పటి దులిపిందని అన్నం దగ్గర్నుంచి లేచిపోయాను. అన్నం మీద అలిగితే కడుపే కాలుతుందని ఆవిడ కంచం తీసేసింది. నిజంగానే కాలింది.

పిడుగు మాత్రం ఒక్కసారీ విసుక్కోలేదు. అదే నాకు ఎక్కువ బాధ. బుధవారం సాయంత్రం స్టాండు పక్కన కూర్చుని, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, వదిలెయ్ నాన్నా, వచ్చే ఏడాది చూసుకుందాం అంది. చాలా మామూలుగా అంది. తర్వాత స్నానాల గదిలోకి వెళ్ళి కొళాయి తిప్పుకుంది. ఎంతసేపటికీ బకెట్టు నిండిన చప్పుడు రాలేదు. నేను బయట నిలబడి విన్నాను. నా చేతులు నరుక్కుందామన్నంత కోపం వచ్చింది, నా మీద నాకే.

గురువారం సెలవు పెట్టాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక, అతుకులకి పూసే సీలెంటు తెమ్మని పిడుగుని స్పేరుపార్టుల షాపుకి పంపాను. మా ఆవిడ కునుకు తీస్తోంది. నేను షట్టరు దించుకుని మళ్ళీ మూడో పిస్టన్ దించాను. ఈసారి ఒక్కణ్ణే, కింద ఒక చెయ్యి పైన ఒక చెయ్యి పెట్టి, నడుము విరిగేలా వంగి దించాను. మొత్తానికి దిగింది. రాడ్డు బిగించి ముందువైపుకి వచ్చి బారు తగిలించాను.

అప్పుడే వాన మొదలైంది. షెడ్డు రేకుల మీద ముందు చినుకుచినుకుగా, తర్వాత ఏకధారగా. ఆ చప్పుడుకి అలవాటు పడేలోపే కరెంటు పోయింది.

చీకటి. కిటికీకున్న ప్లాస్టిక్ షీటు లోంచి మురికి నీళ్ళలాంటి వెలుతురు కాస్త వస్తోంది. దాంట్లో బ్లాకు ఆకారం మాత్రం తెలుస్తోంది. దాని అవతల ఏముందో కనిపించడం లేదు. నూనె వాసన, కిరసనాయిలు వాసన, తడి గోనె వాసన. వీటన్నిటి కింద ఇంకో వాసన ఉంది. చాన్నాళ్ళు కట్టు కట్టి ఉంచిన చెయ్యిని విప్పినప్పుడు వస్తుందే, అలాంటి వాసన. చచ్చిన ఎలుకేమో, తర్వాత వెతుకుదాం అనుకున్నాను.

కరెంటు కోసం ఆగే ఓపిక లేదు. బారు పట్టుకుని మెల్లగా తిప్పాను. సగం దూరం వచ్చింది. మెత్తగా ఆగింది. పళ్ళు కొరుక్కుంటూ నొక్కాను. నొక్కే ముందు, అవతల ఎవరూ లేకపోయినా, అలవాటు కొద్దీ నోరు దానంతట అదే అడిగేసింది.

"చెయ్యి తీశావా?"

"లేదు."

పిడుగు వచ్చేసిందనుకున్నాను. వాన చప్పుడులో చిన్న తలుపు తీసిన చప్పుడు వినపడి ఉండదు. వచ్చింది ఎప్పుడు, కూర్చుంది ఎప్పుడు అని విసుక్కుంటూ, అయితే తియ్యి, ఎంతసేపు అన్నాను.

"రావడం లేదు."

గొంతు బాగా తగ్గి ఉంది. ఏడ్చి ఏడ్చి అలిసిపోయిన మనిషి మాట్లాడినట్టు ఉంది. దాని వేళ్ళు క్రాంకు కింద పడ్డాయి, నేనే నొక్కాను అనుకున్నాను. కదలకు అమ్మా, కదలకు అంటూ బారు వదిలేశాను. బారు కొద్దిగా వెనక్కి వచ్చింది. అవతల నుంచి, నొప్పి కాస్త తగ్గినప్పుడు వదిలే ఊపిరి వినిపించింది.

అప్పుడు జేబులో ఫోను మోగింది.

"నాన్నా, ఇక్కడ రెండు రకాలున్నాయి" అంది పిడుగు. వెనకాల షాపువాడు ఎవరితోనో బేరమాడుతున్నాడు. "నల్లదా, బూడిదరంగుదా?"

నల్లది అన్నాను. ఎలా అన్నానో నాకే తెలియదు. వాన తగ్గాక బయల్దేరతానని చెప్పి పెట్టేసింది.

ఫోను లైటు వేశాను. దాన్నే టార్చిలా పట్టుకుని అవతలి పక్కకి నడిచాను. పిడుగు కూర్చునే చోట ఎవరూ లేరు. తడి నేల మీద అడుగుల జాడ లేదు. వంగి, కింద నుంచి మూడో సిలిండరులోకి వెలుతురు వేశాను. రాడ్డు, క్రాంకు, నూనె చుక్క. వాటి మధ్య చిటికెన వేలు కూడా పట్టదు. అయినా ఆ సందులోంచే వస్తోంది. ఊపిరి. ఆగి... ఆగి... వస్తోంది.

నా చోట ఎవరున్నా షట్టరెత్తి పరుగు లంకించుకునేవారు. నాకూ కాళ్ళు అటే లాగాయి. కానీ వారం రోజుల కోపం గొంతు దాకా వచ్చి ఉంది. ఆ కొలతలు, ఆ విప్పడాలు, ఆ కొళాయి చప్పుడు. భయం కంటే ముందు అదే బయటికొచ్చింది.

"వారం నుంచీ నువ్వేనా?" అన్నాను.

రేకుల మీద వాన. తర్వాత...

"నొప్పిగా ఉంది."

"నొప్పిగా ఉంటే తియ్యి."

"తీసి... ఎక్కడ పెట్టుకోను?"

ఇలాంటి ప్రశ్నకి మనిషన్నవాడు జాలిపడాలి. లేదా పారిపోవాలి. నాకు చిర్రెత్తుకొచ్చింది. ముందువైపుకి తిరిగొచ్చి, ఎందుకొచ్చానో కూడా తెలియకుండా బారు పట్టుకున్నాను. ఎక్కడో ఒక చోట పెట్టుకో, నాకు అనవసరం, ఈ ఇంజన్ తిరగాలి అన్నాను. ఆదివారం నా కూతురు దీన్ని నడపాలి అన్నాను.

అవతల ఊపిరి ఆగిపోయింది.

వాన చప్పుడు కూడా దూరం జరిగినట్టయింది. బ్లాకు అవతల ఏదో నెమ్మదిగా నా వైపుకి తిరిగినట్టు అనిపించింది. కనిపించలేదు. అనిపించింది. ఆ వాసన ఎక్కువైంది...

"ఎవరు?"

"నా కూతురు."

బారుని రెండు చేతులా పట్టుకున్నాను. తర్వాత చాలా దగ్గర నుంచి, మొదటిసారి ఏడుపు లేకుండా వినిపించింది.

"తీశాను."

మా పద్ధతి ప్రకారం ఆ మాట విన్నాక తిప్పాలి. తిప్పాను. క్రాంకు తిరిగింది. పూర్తిగా ఒక చుట్టు, ఇంకో చుట్టు, ఎక్కడా ఆగకుండా వెన్నలా తిరిగింది. నేను ఏడ్చేశాను. సంతోషంతోనే ఏడ్చాను, అబద్ధం చెప్పను. భయపడాలన్న సంగతి కూడా కాసేపు గుర్తులేదు.

కరెంటు వచ్చేసరికి పిడుగు తడిసి ముద్దై చిన్న తలుపు తీసుకుని వచ్చింది. ఎవరితో మాట్లాడుతున్నావని అడిగింది. నాతో నేనే అన్నాను. బారు తిప్పి చూపించాను. అది సీలెంటు గొట్టం చేతిలో ఉండగానే నన్ను వాటేసుకుని గిరగిరా తిరిగింది. ఏం తప్పో కనుక్కున్నావా అంటే, చిన్న అడ్డం, పోయింది అన్నాను.

మిగతా పనంతా మంత్రం వేసినట్టు జరిగిపోయింది. నాలుగో పిస్టన్, హెడ్డు, గ్యాస్‌కెట్టు, ఏదీ మొండికెయ్యలేదు. శుక్రవారం సాయంత్రం ఇంజన్ కారులోకి ఎక్కింది. తాళం తిప్పగానే అందుకుంది. బావమరిది ఈల వేశాడు. మా ఆవిడ కూడా వంటింట్లోంచి వచ్చి, సవతి గొంతు బాగానే ఉంది అంది.

నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. షెడ్డు వైపు చెవి పెట్టి పడుకున్నాను. అక్కడ ఏ చప్పుడూ లేదు. ఏదో ఒకటి వినిపిస్తే బాగుండుననిపించింది. చెయ్యి తీసింది, సరే. తీసి ఎక్కడ పెట్టుకుంది? నేను అది అడగలేదు. ఎక్కడో ఒక చోట పెట్టుకోమని నేనే చెప్పాను.

శనివారం పొద్దున్నే ఇంజన్ మళ్ళీ విప్పి ఒకసారి చూడాలన్నాను. కారణం అడిగితే నీళ్ళు నమిలాను. పిడుగు మొహంలో రంగు దిగిపోయింది. ఆ పిల్ల నవ్వి ఎన్నాళ్ళయిందో తెలుసా, నోరు మూసుకుని కూర్చోండి అంది మా ఆవిడ. మూసుకుని కూర్చున్నాను. ఏమని చెప్పను? చెప్పినా ఇన్నాళ్ళ విసుగులో నాకు మతి చలించిందనుకునేవాళ్ళు. అది నిజమైతే బాగుండునని నేనూ కాసేపు అనుకుని చూశాను.

ఆదివారం కొండ కింద జనం, పెట్రోలు వాసన, మైకు గోల. ఒక్కొక్క కారుకి రెండు విడతలు. రెండింట్లో మంచిది లెక్క. మొదటి విడతలో పిడుగు దాని వయసువాళ్ళెవరూ చెయ్యనంత వేగంగా పైకెళ్ళి వచ్చింది. టీము మేనేజరు గొడుగు కింద నుంచి లేచి నిలబడ్డాడు. బావమరిది నా భుజం పట్టుకుని ఊపేశాడు.

కారు వచ్చి మళ్ళీ వరసలో నిలబడింది. నేను కిటికీ దగ్గరికి పరిగెత్తాను. పిడుగు హెల్మెట్టు లోంచి కళ్ళు మెరుస్తున్నాయి.

"గేరు నేను వెయ్యక్కర్లేదు నాన్నా. వేద్దామనుకునేలోపే పడిపోతోంది."

చాలమ్మా, రెండోసారి వద్దు, మొదటిదే గెలుస్తుంది అన్నాను. ఇంజన్‌లో తేడా వినిపిస్తోందన్నాను. తలుపు పిడి పట్టుకుని దిగమన్నాను. అది నవ్వింది. నీకు వినిపించిన తేడా నాకు వినిపించలేదే అంది. వెనక కారువాడు హారను కొట్టాడు. జెండా మనిషి నన్ను పక్కకి జరగమని అరిచాడు. పిడుగు గేరు వేసే చేతికున్న గ్లోవు పళ్ళతో లాగి తీసి నా చేతిలో పడేసింది. ఇదొక్కటి బిగుతైపోయింది, వేలు కదలట్లేదు అంటూ మేనమామ ఇచ్చిన ఇంకోటి తొడుక్కుంది. కారు ముందుకి కదిలింది. నేను రెండడుగులు దాంతోపాటు పరిగెత్తాను. ఎవరో నన్ను దారి పక్కన కట్టిన తాడు ఇవతలికి లాగేశారు.

జెండా దిగింది. కారు దూసుకుపోయింది. మొదటి మలుపు దాకా గేర్లు పడుతున్న చప్పుడు విన్నాను. ఎక్కడా తడబాటు లేదు. జనం చప్పట్లు కొట్టారు. తర్వాత కొండ అడ్డమొచ్చి ఇంజన్ మోత మాత్రమే మిగిలింది, పైకి పైకి పోతూ.

చేతిలో గ్లోవు ఉన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. కొత్తది. ఆ పొద్దున్నే కవరు చించి తొడుక్కుంది. బిగుతైందని కదా అంది. వేళ్ళ సందుల్లో కుట్లన్నీ తెగిపోయి ఉన్నాయి, లోపలి నుంచి. అరచేతి దగ్గర తోలు సాగి సంచిలా వేలాడుతోంది. నాది పంపులు విప్పే చెయ్యి, మోటు చెయ్యి. పిడుగు గ్లోవులోకి నా వేళ్ళు ఎప్పుడూ సగం కంటే దూరవు. పెట్టి చూశాను. మణికట్టు దాకా దూరింది. నా చెయ్యి మొత్తం పట్టాక కూడా, పక్కన ఇంకొక చెయ్యికి చోటు ఉంది.

ఆ చోటు ఇంకా వెచ్చగా ఉంది.